తరుగు

హెడ్డాఫీసు నుంచి ఫారం వచ్చింది.
పద్దెనిమిది గడులు.
మొదటిది: విపత్తు వేళ సంస్థ నిర్వర్తించిన సామాజిక బాధ్యత.
రెండొందల మాటలు మించరాదు.

నేను స్టోర్సు గుమాస్తాని.
మైదా బస్తాలు, ఈస్టు డబ్బాలు, మిగులు, తరుగు.
మాటలు లెక్కపెట్టిన అలవాటు లేదు.

ఆ ఆదివారం తెల్లారేసరికి బుడమేరు
సింగ్‌నగర్ సందుల్లోకి దూరింది.
నున్న రోడ్డులో మా బ్రెడ్డు కంపెనీ కాస్త మెరక.
గేటు దగ్గర మోకాలి లోతు, లోపల పాదం తడి.
కరెంటు లేదు. జనరేటర్లో డీజిలు
ఒక్క షిఫ్టుకి.
తొట్లలో రాత్రి కలిపిన పిండి
దాని మానాన అది పొంగుతోంది.

ఓవెన్ జక్రయ్య అడిగాడు, కాల్చమంటారా అని.
బెంజి సర్కిల్ ఆఫీసుకి ఫోన్ చేశాను. కలవలేదు.
మళ్లీ చేశాను.
పిండికి పర్మిషన్ సంగతి తెలీదు,
అంచు దాటి జారుతోంది.
జక్రయ్య నాకేసి ఒకసారి చూసి
మాట్లాడకుండా మంట వేశాడు.

ప్యాకింగ్‌లో దానమ్మ ఉంది.
రాజరాజేశ్వరిపేటలో ఆమె ఇల్లు
అప్పటికే కిటికీ దాకా.
ఇంటికి పోలేదేం అన్నాను.
"అది నీళ్లలో ఉంది, నేనిక్కడున్నా.
పోయి దాన్నేం మోసుకొస్తానండీ?"

ఖాళీ మైదా సంచుల్లో బ్రెడ్డు నింపి
లారీ ట్యూబు మీద పెట్టి
నలుగురు ఆడవాళ్లు గేటు దాకా తోసుకొచ్చారు.
గేటు పాస్ లేకుండా సరుకు బయటికి పోకూడదన్నాను.
మోకాలి లోతు నీళ్లలో నిలబడి
అన్నాను.
దానమ్మ కోప్పడలేదు.
"రాయండి మరి. తడవకుండా రాయండి."

నంబరు 1187. బ్రెడ్లు: నాలుగు వేల రెండొందలు.
పదకొండు దఫాలుగా.
'ఎవరికి' అన్న చోట ఏం రాయాలో తెలీక
సున్నా చుట్టాను.
ఆమె వేలిముద్ర వేసింది.
సాయంత్రానికి మిక్సరు మునిగింది.

ఐదో రోజు ఎండీ గారు ట్రాక్టరెక్కి వచ్చారు.
వెనకాల కిట్లు, ఫ్లెక్సీ, ఫోటోగ్రాఫరు.
వరసలో ముందు నిలబడింది దానమ్మ.
ఫోటోలో ఆయన ఇస్తున్నారు, ఆమె పుచ్చుకుంటోంది.
కిట్‌లో పైకి కనిపించేది మా బ్రెడ్డే,
ఆ కవరు మడత ఆమెదే,
నాకు తెలుసు, ఆమె మూలలు రెండుసార్లు మడుస్తుంది.

ఏడో గడి: లబ్ధిదారుల పేర్లు.
హెడ్డాఫీసు వాళ్లే ముందుగా నింపి పంపారు.
ఒకటి. దానమ్మ.

ఆయన్ని అనడానికి కాదు ఇది.
ఫోటోగ్రాఫరు వెళ్లాక ప్యాంటు మడిచి
మిక్సరు కింద బురద ఎత్తిపోశారు, మాతో పాటు, చీకటి పడేదాకా.
నీళ్లు పైనుంచి వచ్చాయా పక్కనుంచి వచ్చాయా అని
ఇన్సూరెన్సు వాళ్లు నెల్లాళ్లు అడిగారు.
యాభై రెండు రోజులు
ఆ గేట్లోంచి ఒక్క రొట్టె బయటికి పోలేదు.
జీతాలు మాత్రం వచ్చాయి. కాంట్రాక్టు వాళ్లకీ వచ్చాయి.
గన్నవరం దగ్గర స్థలం అమ్మేశారని
డ్రైవర్ ఖాజావలి చెప్పాడు.
ఇది రాయమంటారా సార్ అని ఫారం చూపించాను.
"వద్దులేవయ్యా.
అది సీఎస్సార్ కిందకి రాదు."

పన్నెండో గడి: సంస్థ తట్టుకుని నిలబడడానికి తోడ్పడినవి.
'పిండి ఆగలేదు' అని రాశాను.
కొట్టేశాను.
'బృంద స్ఫూర్తి' అని రాశాను. అది చెల్లింది.

మార్చిలో ఆడిటరొచ్చాడు. కుర్రాడు, కంచికచర్ల వైపు.
స్టాకు రిజిస్టర్లో నాలుగు వేల రెండొందలు
నెలనెలా నేను ముందుకి మోస్తూ వచ్చిన తరుగు దగ్గర
వేలు ఆపాడు.
వోచరుందా అన్నాడు.
ఫైల్లోంచి 1187 తీశాను.
ఎండి, అప్పడంలా వంకర తిరిగింది కాగితం.
ఈ వేలిముద్ర ఎవరిదండీ, సగమే పడింది?

దానమ్మని పిలిపించాను.
మోచేతుల దాకా మైదాతో వచ్చి
కాగితం మీదికి వంగి చూసింది.
"నాదే. ఎడం చేతిది.
కుడిచేత్తో బస్తా పట్టుకునున్నా అప్పుడు."