చల్లారినంక మూత తియ్యి

ఇద్దరచ్చిండ్రు.
ఒకని చేతిల సంచి, ఒకని చేతిల బుడ్డి.
కరెంటు పోయి కొత్తవాడల మగ్గాలు ఆగిన పగటిపూట,
గడపల కూసొని కండెలు చుడుతున్న నేను.
దాహమైతాందమ్మా అన్నడు చిన్నోడు.
నీళ్ళడిగినోన్ని ఎవలు అనుమానిస్తరు?

నీళ్ళిచ్చిన చెంబునే తోమిండు ముందుగాల.
మా అత్త నాటి ఇత్తడి, నలభై ఏండ్ల మసి,
రెండు చుక్కలకే పొద్దుపొడుపు లెక్క మెరిసింది.
పైసలద్దు పెద్దమ్మా, కంపెనోళ్ళం, కొత్త పౌడరు, గంతే.
తర్వాత కాళ్ళ పట్టీలు. అవీ మెరిసినయి.
పక్కింటి నస్రీన్ బీ గూడ చేయించుకున్నదన్నడు,
పేరు ఎట్ల తెలుసో వానికి.
గోడ నా భుజమంతే ఎత్తు.
ఓ నస్రీనూ, అని ఒక్క కేకేస్తే తెలుస్తుండె.
ఎయ్యలే.

మెడలకెల్లి పుస్తెలతాడు తీసిచ్చిన.
ఆళ్ళు గుంజుకోలే. నేనే తీసిచ్చిన.
గదే నన్ను తింటాంది.

టిఫిను గిన్నెల ఏవో పచ్చటి నీళ్ళల్ల ముంచి,
తిప్పి తిప్పి, ఆ నీళ్ళు మళ్ళ బుడ్డిలకే ఒంపుకొని,
పసుపు ఏసి, మూతవెట్టి, పొయ్యి మీద పెట్టిండు పెద్దోడు.
"చల్లారినంక మూత తియ్యి పెద్దమ్మా,
ముందుగాల తీస్తే రంగు పోతది."
మాట ఇన్న.
గిన్నె చల్లారే లోపల
ఆళ్ళ బండి పోచమ్మ మైదానం దాటింది.

తాడు ఉన్నది. యాడికీ పోలే.
కడుపు మాడిన పిల్ల లెక్క సన్నగయి ఉన్నది.
మండిబజార్ల అవుసుల నరహరి తక్కెట్ల ఏసి
అంకె చెప్పకుంట కండ్లద్దాలు తుడుసుకున్నడు.
రెండు తులాలది పదమూడు గ్రాములు.

పడుగుల ఒక్క పోగు తెగినా
చీకట్ల వేలు పెట్టి చెప్పే చెయ్యి నాది.
ఆ చేతికి ఆ రోజేమైందో.

తొమ్మిది రోజులు ఎవలకు చెప్పలే.
ఎండకాలంల కొంగు మెడ చుట్టూ కప్పుకున్న.
ఏందే గది, అని మా సదయ్య అడుగుతే
చెమటకాయలన్న.
ఆ తొమ్మిది రోజులల్ల ఆళ్ళు
కరీమాబాదుల ఒకిల్లు, రంగశాయిపేటల రెండిండ్లు తిరిగిండ్రట.
పేరు గుండేటి కొంరమ్మ, అని రైటరు రాసుకుంటాంటే తెలిసింది.
ఠాణాల ఒకటే బెంచి మీద
కొంగులు కప్పుకున్న నలుగురం.
శానసేపు ఒకల మొఖం ఒకలం సూసుకోలే.
ఆఖరికి ఒకామె మెల్లగ అడిగింది:
నీకు గూడ ముందుగాల చెంబేనా?
నవ్వచ్చింది. ఏడ్సుకుంటనే నవ్వినం.

ఇప్పుడు తలుపుకు గొలుసున్నది.
మొన్న గ్యాసు పైపు సూస్తనని ఒక పోరడచ్చిండు.
కార్డు సూపియ్యి అన్న, సూపిచ్చిండు.
ఆడనే నిలవడు, ఏజెన్సీకి ఫోన్ జేస్త,
నువ్వు చెప్పే నంబరుకు గాదు, నా బుక్కు మీదున్న నంబరుకు, అన్న.
పది నిమిషాలు ఎండల నిలవడ్డడు పాపం.
మంచిగడిగినవ్ అక్కా, అన్నడు.
గొలుసు సందులకెల్లే నీళ్ళిచ్చిన.
స్టీలు గిలాసల.

రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ జేస్తం,
ఇప్పుడే బిల్లు కట్టు, అని ఫోన్ల ఎవడో అంటే
జెయ్యి బిడ్డా, మాకు పగలే ఉంటలేదు, అని పెట్టేసిన.
పెట్టేసి గోడ కాడికి పోయిన. ఓ నస్రీనూ!
ఆమెకూ అచ్చిందట. గదే గొంతు.

చెంబు మాత్రం ఇంకా మెరుస్తనే ఉన్నది.
దొంగోడే గని, తోముడు మంచిగనే తోమిండు.
మసి పట్టనిస్తలేను.
వాడకట్టోళ్ళ కండ్లవడేటట్టు కిటికీల పెట్టిన.
ఇంత తళతళ ఎట్లయిందే, అని ఎవలన్న ఆగుతే
చాయ్ పెడ్త, కూసోమంట.
ఇద్దరచ్చిండ్రు, అని మొదలువెడ్త.