లెక్క

బల్లార్షా విహారంల ఎనిమిదో రోజు.
సిమెంటు గచ్చు మీద చాప, కిటికీల బొగ్గుదుమ్ము.
ముక్కు కింద తాకే ఊపిరినే చూడుమన్నడు భంతే.
లోపలికొస్తే వచ్చిందని,
పోతే పోయిందని.

చూస్తనే ఉన్న.
కాని అది నాది కాదు.

ఇరవై రెండేండ్లు సాస్తి బావిల దిగిన ఓదెలుది.
మంచం పట్టినంక రాత్రుళ్ళు
నేను లెక్కపెట్టింది ఆయన ఊపిరే.
పిల్లికూతలు కూసి, ఆగేది.
ఆగిన కాడ నేనూ ఆగేదాన్ని,
మళ్ళ కదిలితేనే నాకు గాలి.

'పది రోజులు నీ కోసం పోయి రా' అని
ఆయనే పంపిండు.
ఇంటికాడ ఆడిబిడ్డ పోశక్క ఉన్నది.
ఆమెకు నిద్రెక్కువ.

'సోడ్, బాయీ' అన్నడు భంతే, విడువుమని.
మోకాళ్ళ నొప్పి విడిచిన.
రాత్రి బువ్వ విడిచిన.
కొడుకు మీది కోపం నాలుగోనాడే పోయింది, నాకే తెల్వకుండ.
ఇదొక్కటి విడవాలంటే
నాకొచ్చిన ఒక్క ధ్యానమూ విడవాలె.

తెల్లారగట్ల బావి సైరన్ మోగింది.
చాప లేదు, మోకాళ్ళు లేవు,
ఊపిరి దానంతట అదే
వస్తున్నది, పోతున్నది.
ఎంతసేపో.

ఓదెలు యాదికి రాలేదు.

భయమేసి
కండ్లు తెరిచిన.