ఐదో వేలు

కెజియా,
నువ్వు పంపిన బొమ్మ అందింది.
కరెంటు బిల్లు వెనక, పెన్సిలూ కాస్త కాటుకా.

లాలాపేటలో పరుపులు కుట్టేచోట
దూది లేచినప్పుడల్లా నేను కల్పించుకున్న జీవాలు,
దూదుగులు.
చెవులుండవు. మెడ చుట్టూ బొచ్చు.
పిల్లంత బరువు, రెక్కలు మాత్రం గొడుగంత.
ఇంతే చెప్పాను నీకు, సూదికి దారం ఎక్కిస్తూ.

నువ్వేమో
మిర్చియార్డు గోడ మీద కూర్చోబెట్టావు దాన్ని.
ఘాటుకి తుమ్ముతోంది!
ఒక రెక్క ఇటు, ఒక రెక్క అటు,
బొచ్చంతా వెనక్కి లేచి
ముక్కు దగ్గర మూడు చుక్కలు.
ఇన్నేళ్ళూ అవి గుంటూరులోనే ఉంటాయన్నాను గానీ
ఒక్కటైనా తుమ్ముతుందని నాకు తట్టలేదే.

పొట్ట దగ్గర చెరిపి చెరిపి కాగితం పల్చబడింది.
అక్కడే చెయ్యి పెట్టాలనిపిస్తుంది.
వెలుతురుకి పట్టి చూస్తే
యూనిట్ల అంకెలు లోపల ఎముకల్లా కనిపించాయి.

ఒక తప్పుంది.
కాలికి నాలుగు వేళ్ళని చెప్పాను, ఐదు వేశావు.
దిద్దుదామని పెన్సిలు తీసి
ఆ చిన్న వేలు గోడ అంచుని
ఎలా పట్టుకుందో చూశాను.
అది లేకపోతే, ఆ తుమ్ముకి,
కిందున్న టిక్కీల మీద పడేది.

పెన్సిలు చెవి మీద పెట్టేసుకున్నాను.
ఇవాళ్టి నుంచి దూదుగులకి ఐదు వేళ్ళు.
పాతవాటికి కూడా.

ఇంకొకటి.
రెక్కలు ఎటు మడుచుకుని పడుకుంటాయో
నాకూ తెలీదు.
నీకు తెలిస్తే, వెయ్యి.