పరిమితులు అనే పేరా

ఫారంలో అతని పేరు లేదు.
మగ. నలభై మూడు. డెబ్భై ఒక్క కిలోలు.
ఐసులో గడిచిన గంటలు: పదకొండు.
అతని క్లోమంలోంచి ఏరిన దీవులు
నా డిష్ అడుగున ఇప్పుడు ఇసుక రేణువుల్లా ఉన్నాయి.
రంగు వేస్తే ఎర్రబడతాయి.
బతికున్నామని చెప్పడం కాదది,
లోపల జింకు ఉందని చెప్పడం.

పెదవాల్తేరులో రెండో అంతస్తు,
ముప్పై ఏడు డిగ్రీల పెట్టె.
బయట మే నెల ఉప్పగాలి చొక్కాల్ని వీపుకి అంటిస్తుంటే
లోపల గాలికీ కొలతే,
వందకి అయిదు పాళ్ళు బొగ్గుపులుసు.

చక్కెర నీళ్ళు పోశాను.
అయిదో నిమిషానికి ఇన్సులిన్ చివ్వున లేచి,
పడి,
మళ్ళీ తీరిగ్గా పొంగింది.
రెండు అలలు, పుస్తకంలో గీసినట్టే.
సార్ మురిసిపోయి మాడుగుల హల్వా తెప్పించారు.

పొట్లం విప్పారో లేదో,
నెయ్యి వాసనకే
నా లోపలి దీవులకు నరం వెంట కబురు వెళ్ళిపోయి ఉంటుంది.
డిష్‌కి ముక్కు లేదు.
కింద పేగు లేదు చాటుగా కబురంపడానికి,
పక్కన కాలేయం లేదు అందుకోడానికి.
దీవి అన్నాక చుట్టూ నీళ్ళు కదలాలి కదా.
ఇక్కడ గులాబీరంగు ద్రవం
నేను మార్చేదాకా అలాగే నిలబడి ఉంటుంది.

ఊడవడానికొచ్చిన నూకాలు
మైక్రోస్కోపులో చూపించమంది.
"మనిసివేనా?"
మనిషివే. ఎలుకవి కావు.
"ఆ మనిసి ఏటి తినీవోడో తెలుస్తాదేటమ్మా?"
తెలీదు.
"ఆకలేస్తాదా ఈటికి?"
నవ్వబోయి ఆగిపోయాను.
ఆమె అప్పటికే బకెట్టు జరుపుకుంటూ వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున హార్బరు జెట్టీ మీద చూస్తుంటాను,
వలలోంచి పడ్డ చేప
చెక్క మీద రంగు మార్చుకోవడం.
నీళ్ళలో ఏ రంగో తెచ్చినవాళ్ళే చెప్పాలి.
అది చేప కాదని మాత్రం ఎవరంటారు?
మొప్పలు అవే, ముల్లు అదే,
నేను తూకం వేయించుకునేదీ దాన్నే.

ఏడో రోజుకి అలలు చదునయ్యాయి.
బీటా కణం
తను బీటా అన్న సంగతి కొంచెం కొంచెంగా మరిచిపోతుంది.
ఎవరూ పిలవని పేరులాగ.

రాత్రి పేపరు చివర 'పరిమితులు' రాస్తున్నాను.
'శరీరంలోనూ ఇలాగే జరుగుతుందని చెప్పలేం' అన్నాను.
సార్ అది కొట్టేసి
'మరింత పరిశోధన అవసరం' అని పెట్టారు.
నేను మళ్ళీ నా వాక్యమే పెట్టాను.
కింద ఆయనదీ ఉంచాను, అదీ నిజమే కనక.

పదకొండున్నర. కిటికీలో
రేవులో చోటు దొరకని ఓడల దీపాలు, లంగరేసి.
ద్రవం మార్చి, మూత పెట్టి, ఫారం మళ్ళీ తీశాను.
వయసుకి గడి ఉంది, బరువుకి ఉంది, ఐసుకి ఉంది.
చివరిసారి ఏం తిన్నాడో రాయడానికి లేదు.
పెన్సిల్‌తో
ఒక గడి గీశాను.