చుక్కకు ఎడమ పక్క

"జాగనా?" అన్నడు వెల్దండి ఓదెలు,
నెట్ సెంటర్ల కుర్చీ అంచున కూసోని.
"డొమైనంటె జాగనే గద. ఎన్ని గజాలుంటది?"

గజాలుండవు పెదనాయినా.
హద్దురాళ్లుండవు, తూర్పున ఎవరి ఇల్లని రాయరు.
అది ఒట్టి పేరు.
మిషన్లకు పేర్లు తెలువయి,
అంకెలే తెలుసు వాటికి.
ఎక్కడో ఓ చల్లటి అర్రల, ఫ్యాన్ల హోరుల
నీ జంపఖానల ఫొటోలు పండుకొని ఉంటయి.
ఆ అర్రకో పొడుగాటి నంబరు.
అది ఎవరి నోటికీ రాదు గనుక
ఒక పేరు పెట్టి, పేరుతోని వేలు చూపిస్తం:
గదిగో, అటు.

ఆయన కాసేపు గోరుకంటిన నీలిరంగు గీకిండు.
"అంటే మా పోస్టుమేన్ కొంరెల్లి లెక్క.
ఇంటి నంబరు సూడనే సూడడు,
రంగుల ఓదెలు అని ఉంటె చాలు."
నేను చెప్పబోయింది
నాకంటె ముందే చెప్పిండు.

స్పెల్లింగు కాడ ఆగినం.
కొత్తవాడకు వీ నా, డబ్ల్యూ నా?
బస్సు బోర్డు మీద ఒకటి, బ్యాంకు పాసుబుక్కుల ఒకటి.
తెలుగుల ఒక్కటే 'వ', పెదవి మీద పంటి ముద్ర.
ఇక్కడ ఒక్క అక్షరం తప్పితే
గిరాకి ఇంకెవరి గడపో తొక్కుతది.
రెండూ కొన్నం.
నడుమ చుక్క పెట్టిన.
చుక్కకు ఎడమ పక్క మనది, కుడి పక్క దేశానిది.
"ముడి అన్నట్టు," అన్నడు. "రెండు పోగుల నడుమ."

"మరి పట్టా ఎప్పుడిస్తరు?"
ఈ మాటకే భయపడ్డ.
పట్టా లేదు. ఏడాది కిరాయి.
తారీఖు దాటితె కొన్నొద్దులు చూసి
పేరును బజార్ల పెడ్తరు,
ఎవడు ముందొస్తే వానిది.
"నా పేరుకు నేను కిరాయా?"
నవ్విండో, దగ్గిండో తెలువలే.

మొన్నటి ముసురుకు మగ్గం గుంటల నీళ్లు నిండి
గిర్మాజీపేటల చుట్టాల వసారకు మారిండ్రు.
అదే వారం ఫొటోల అర్ర గూడ మార్చిన,
ఇంకో కంపెనీల అగ్గువకు దొరికితె.
లోపట అంకెలన్ని మారినయి. పేరు మారలే.
నాగపూర్ల ఎవరో తలుపు తట్టిండ్రు, తెరుసుకున్నది.
నీళ్ల సంగతి వాళ్లకు తెలువనే తెలువదు.
కొత్తవాడ ఇంటికి మాత్రం
కొంరెల్లి మూడొద్దులు వచ్చి మర్లిపోయిండు.

ఇప్పుడు వాళ్ల గోడ మీద బొగ్గుతోని
నూలు బాకీ పక్కన, మనుమరాలు పుట్టిన తారీఖు కింద
రాసి ఉంటది: పేరు కిరాయి, అక్టోబర్ తొమ్మిది.
వారం ముందే వస్తడు,
నోట్లు జేబుల మడత పెట్టుకొని.
కట్టినంక లేవడు.
"ఒక్కపారి కొట్టి సూడు బిడ్డా,
ఉన్నదా?"