కనువాన్

గుజ్జు ఫ్యాక్టరీలో డ్రమ్ముల మీద
ఊళ్ళ పేర్లు కొట్టేది నా పని.
రేకు అచ్చు ఆనించి నల్లరంగు అద్దితే
జెద్దా, రాటర్‌డ్యామ్, ఒడెస్సా
నా చేతి మీదనే పోతాయి.

ఆ ఏడు ఆఖరి లోడులో
ఒకే ఒక్క డ్రమ్ము మిగిలింది.
దాని మీద ఎప్పుడూ కొట్టని పేరు: కనువాన్.
కంటికి వాన, అనుకున్నా.
రంగు ఆరేదాకా చూస్తా నిలబడినా.

షంషాద్ ఫోన్లో వెతికింది.
కరీబియన్ సముద్రంలో చిన్న దీవంట.
దాని చుట్టుపక్కల ఇంకొన్ని
బెక్వే, మేరో, మస్టీక్.
పటంలో చూస్తే
సంగటి తిని చెయ్యి విదిలిస్తే పడిన మెతుకులు.

"పోదాం" అనింది కుప్పమ్మ,
జీతం రోజు బజ్జీలు తిందాం అన్నట్టే.

సీజను ముగిసినాక
తోతాపురి టెంకలు గుట్టగా ఎండే షెడ్డు వెనక
వేబిల్లు తిరగేసి గీతలు గీసినాం.
చిత్తూరు నుంచి మద్రాసు: బస్సు. ఇది తెలుసు.
మద్రాసు నుంచి లండన్: షంషాద్ చూసుకుంటుంది.
లండన్ నుంచి బార్బడోస్: దేవుడు చూసుకుంటాడు.
ఆడినుంచి బుల్లి విమానం,
పద్దెనిమిది మందే పడతారంట.
మా కాణిపాకం ఆటోలోనే అంతమంది పోతాము.

ఏ దీవిలో ఎన్ని రోజులు, అనేకాడ పోట్లాట.
షంషాద్‌కు మేరో కావాల
అంత చిన్న చోట తప్పిపోయే భయం లేదని.
నాకు కనువాన్.
నేను పేరు కొట్టిన డ్రమ్ము
యే ఇంటి చూరు కింద ఉండాదో చూసి రావాల.
గుజ్జు అయిపోయి,
ఇప్పుడు వాననీళ్ళు పడతా ఉంటుందేమో.

కుప్పమ్మకు యే దీవైనా ఒకటే.
"పొద్దున్నే లేపకూడదు. ఎవురూ."
అదొక్కటే ఆమె షరతు.
వేబిల్లు పైన రాసి
కింద రెండు గీతలు కొట్టినా.

మూటలో రాగిపిండి ఐదు కిలోలు, చింతొక్కు.
షంషాద్ గొడుగు వద్దనింది, నేను ఉండనీ అన్నా.
ఇంక నెల కుదరాల.
జూన్, జులై మాకు మామిడి.
ఆగస్టు నుంచి నవంబరు దాకా వాళ్ళకు తుపాను.
మిగిలిన నెలల్లో మాకు పనీ లేదు, దుడ్డూ లేదు.
సెలవు మాత్రం కావలసినంత.

ఆ నవంబరులో నీవా ఏటికి నీళ్ళొచ్చినాయి.
ఎన్నేండ్లకో.
ఊరంతా వంతెన మీదనే.
ఎర్రనీళ్ళ నడుమ ఇసక దిబ్బలు
నాలుగో ఐదో తేలినాయి.
"మేరో యేదే?" అనింది కుప్పమ్మ.
షంషాద్ చెయ్యి చూపింది.
దాని మీద ఒక బర్రె పడుకోనుంది, కళ్ళు మూసుకోని.
"నిద్రపో తల్లీ" అని ఇక్కడినుంచే అరిచింది,
"నిన్ను లేపేవాళ్ళు లేర్లే."
పక్కనోళ్ళు తిరిగి చూసినారు.
మేం ముగ్గురం కమ్మీ పట్టుకోని నవ్వతానే ఉన్నాం.

మర్నాటికి నీళ్ళు దిగినాయి.
దీవులన్నీ మళ్ళా కలిసి ఏరైపోయినాయి.

సంకురాత్రికి ముందర మేకను అమ్మి
మాకు ఒక్క మాట చెప్పకుండా
తిరపతికి బస్సెక్కింది కుప్పమ్మ.
పుట్టిన తేదీ అడిగినారంట.
చెరుకు నరికేటప్పుడు, అని చెప్పిందంట.
ఆధార్‌లో ఉండే జనవరి ఒకటినే ఎక్కించుకున్నారు.

నెల తర్వాత పోస్టులో వచ్చింది.
షెడ్డు వెనక, టెంకలు లేని నేల మీద
కొంగు పరిచి తెరిచింది.
ఫోటోలో ఎవురితోనో కొట్లాటకు దిగినట్టుండాది.
వేలికి తడి అద్దుకోబోయి, ఆగి,
కొంగుతో తుడుచుకోని
ఒక్కో పేజీ తిప్పింది. ముప్పైఆరు.

"ఇంత తెల్లకాగితం
నా పేరు మీద ఎప్పుడు ఉన్నిందే" అనింది.

షంషాద్ వేబిల్లు తీసి
లండన్ పక్కన ఏదో కొట్టేసి, మళ్ళా రాసింది.
కుప్పమ్మ ఆ బుక్కును
రేషను కార్డున్న డబ్బాలో పెట్టి
మూత బిగించి,
మళ్ళా తీసి
ఇంకొకసారి వాసన చూసింది.