ఆయ్

ముక్తేశ్వరం రేవులో పంటు కోసం నిలబడితే
ఇప్పటికీ మడమలు వాటంతటవే కలుస్తాయి.
టిక్కెట్ల కుర్రాడు నవ్వుతాడు: "విశ్రామ్, మిలట్రీ గారూ!"

పద్దెనిమిదేళ్ళకి నాకు హిందీ రాదు.
రాయంటే రేవులో బట్టలుతికే బండ తప్ప
మరోటి ఎరగని లంకవాణ్ణి,
కొండెక్కమన్నారు. ఎక్కాను, సగం పాక్కుంటూ.
పైన ఉస్తాద్ దల్బీర్ సింగ్, మీసాల మీద మంచు.
"సమ్‌ఝా?"
"ఆయ్," అన్నాను.

మనకది అవునండీ. ఆయనకది మూలుగు.
స్ట్రెచరు మీద ఆస్పత్రికి మోయించాడు.
డాక్టరు పొట్ట నొక్కి "దర్ద్?" అన్నాడు.
మర్యాదకి మళ్ళీ "ఆయ్" అన్నాను.
మూడ్రోజులు పాలూ, బ్రెడ్డూ.

నాలుగోనాడు నిజం తెలిసింది.
మూట వీపునెత్తుకుని మైదానం చుట్టూ ఎన్ని రౌండ్లో
నాకూ లెక్కలేదు, ఆయనకీ లేదు.
అప్పట్నుంచీ కంపెనీ మొత్తం,
బెంగాలీ వంటవాడితో సహా,
హాజరుకి "ఆయ్"!

ఇందాక పంటు నడిగోదార్లో ఉండగా ఫోను.
ఉస్తాద్ కొడుకు. "బాపూ మాట్లాడతారట."
"నొప్పిగా ఉందా ఉస్తాద్?" హిందీలోనే అడిగాను.
కాసేపు ఈలలాంటి ఊపిరి.

"ఆయ్."

ఏ భాషలో అన్నాడో
కోటిపల్లి ఒడ్డు తగిలినా తేల్లేదు.